నిప్పు ఇంటిది, గాలి బయటిది (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నాకిచ్చిన విషయం “అంతర్జాతీయ సంఘటనలు, దేశీయ తీవ్రవాదం”. దీని మీద మాట్లాడేవాళ్లు మామూలుగా సిరియాలో మొదలుపెట్టి అఫ్ఘానిస్తాన్‌లో తేలతారు. మన ఊరు ఎక్కడా రాదు. ఇవాళ తిరగేసి మన జిల్లాలతోనే మొదలుపెడదాం. బయటి గాలికి లోపలి నిప్పు ఎలా రాజుకుంటుందో చూడడానికి తెలుగువాళ్లు ఎక్కడికీ పోనక్కర్లేదు, నల్లగొండ, శ్రీకాకుళం చాలు.

ముందుగా ఒక తప్పు లెక్క చూపిస్తాను. 2019 ఏప్రిల్ 21, ఈస్టర్ ఆదివారం నాడు శ్రీలంకలో చర్చిల్లో, కొలంబోలోని పెద్ద హోటళ్లలో ఆత్మాహుతి దాడులు జరిగాయి. 250 మందికి పైగా చనిపోయారు. రెండు రోజులకు అక్కడి రక్షణశాఖ సహాయమంత్రి పార్లమెంటులో నిలబడి, ఇది క్రైస్ట్‌చర్చ్‌కి ప్రతీకారమని ప్రాథమిక దర్యాప్తులో తేలిందన్నారు. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో మార్చి 15న ఒక శ్వేతజాతి దురహంకారి రెండు మసీదుల మీద కాల్పులు జరిపి 51 మందిని పొట్టనబెట్టుకున్నాడు. మధ్యలో 37 రోజులు. వినడానికి చక్కగా అతుకుతుంది. ప్రపంచమంతా అదే రాసేసింది.

ఇప్పుడు కేలండరు వెనక్కి తిప్పండి. పుత్తళం జిల్లా వనాతవిల్లువలో ఒక కొబ్బరితోటలో పోలీసులకు దాదాపు 100 కిలోల పేలుడు సామగ్రి దొరికింది. ఎప్పుడు? జనవరి మధ్యలో. ఈస్టర్ దాడులు చేసిన ముఠాతో సంబంధమున్నవాళ్లు మావనెల్ల ప్రాంతంలో బుద్ధ విగ్రహాలు పగలగొట్టారు. అది అంతకుముందు డిసెంబరులో. అంటే క్రైస్ట్‌చర్చ్‌లో తూటా పేలకముందే ఇక్కడ మందు సిద్ధంగా ఉంది. మార్చి 15 వాళ్లకు ఒక సాకు ఇచ్చి ఉండొచ్చు, తొందర పెట్టి ఉండొచ్చు. పుట్టుక మాత్రం అది కాదు.

అందుకని ఈ విషయంలో మొదటి పనిముట్టు సిద్ధాంతం కాదు, తెల్లకాగితం. ఒక పక్క బయటి సంఘటనల తేదీలు, ఇంకో పక్క స్థానికంగా జరిగినవాటి తేదీలు, మధ్యలో సన్నాహాల తేదీలు రాయాలి. సన్నాహాలంటే మనుషులు కలవడం, డబ్బు సేకరణ, సామాను కొనడం, ప్రయాణాలు. “దీనివల్లే అది” అన్న మాట ఈ మూడు గళ్లూ నిండాకే అనాలి. మొదటి రోజు మంత్రులూ విలేకరులూ చెప్పే కారణాల్లో చాలా భాగం ఈ కాగితం ముందు నిలబడవు.

ఈ కాగితం పట్టుకుని తెలంగాణకి రండి.

దొడ్డి కొమరయ్య కడవెండిలో దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీకి బలైంది 1946 జూలై 4న. వెట్టిచాకిరి, లెవీ ధాన్యం, భూముల ఆక్రమణ, ఇవన్నీ దానికి దశాబ్దాల ముందునుంచీ ఉన్నవే. ప్రపంచం రెండు శిబిరాలుగా చీలిందని సోవియట్ నాయకుడు జ్దానోవ్ ప్రకటించింది 1947 సెప్టెంబరులో, పోలండ్‌లో, కమ్యూనిస్టు పార్టీల అంతర్జాతీయ వేదిక కొమిన్‌ఫామ్ పుట్టిన సభలో. అప్పటికి మన పల్లెల్లో గుత్పల (దుడ్డుకర్రల) సంఘాలు ఏడాదిగా తిరుగుతున్నాయి. తెలంగాణ సాయుధ పోరాటం బయటినుంచి దిగుమతి అయిందనేవాళ్లకి ఈ రెండు తేదీలు చాలు.

అయితే రెండో సగం కథ వేరు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు. అసలు శత్రువు పోయాక తుపాకులు దించాలా, కొనసాగించాలా? రావి నారాయణరెడ్డి లాంటివాళ్లు ఆపేయాలన్నారు. అది నేలని చూసి చెప్పిన మాట. కాని నిర్ణయాలు నేలని చూసి జరగలేదు. ఆ ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే కలకత్తా మహాసభలో కమ్యూనిస్టు పార్టీ నాయకత్వం రణదివే చేతికి వచ్చింది. జ్దానోవ్ గీతని ఆయన ఇక్కడ నగరాల తిరుగుబాటుగా చదివాడు. ఆంధ్ర నాయకత్వం అదే ఏడాది మావో “నూతన ప్రజాస్వామ్యం” పట్టుకుని, మనది చైనా దారి, అంటే పల్లెల్లో రైతుల గెరిల్లా యుద్ధం, అంది. రణదివే మావోనే ఏకిపారేశాడు. 1950 జనవరి 27న కొమిన్‌ఫామ్ పత్రిక చైనా దారిని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. అది అచ్చయింది బుఖారెస్టులో. కుర్చీ కదిలింది ఇక్కడ. రణదివే దిగాడు, చండ్ర రాజేశ్వరరావు ప్రధాన కార్యదర్శి అయ్యాడు. సూర్యాపేట అడవిలో దళం రేపు ఏం చేయాలన్నది రుమేనియాలో వచ్చిన ఒక పత్రిక తేల్చింది!

ఏడాది తిరిగేసరికి రాజేశ్వరరావు, బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ని కలిశారు. 1951 ఫిబ్రవరి. అక్కడ తేలిన ముఖ్యమైన విషయాలు రెండు. ఒకటి, చైనా సైన్యానికి మంచూరియాలో వీపు ఆనించుకోడానికి సోవియట్ సరిహద్దు ఉంది, మీకు అలాంటి వెన్నుదన్ను లేదు. రెండు, చైనాలో రైళ్లు తక్కువ, మీ దేశమంతా పట్టాలే, సైన్యం ఎక్కడికైనా ఇట్టే దిగుతుంది. చూడండి, ఇందులో మార్క్సిజం ఏమీ లేదు. రైల్వే టైంటేబుల్ చూసిన ఎవరికైనా తెలిసే సంగతే. నల్లగొండలో ఆ మాట అన్నవాళ్లని రివిజనిస్టులు, అంటే సిద్ధాంతాన్ని నీరుగార్చేవాళ్లు అన్నారు, క్రెమ్లిన్‌లో అంటే చెల్లింది. ఆ అక్టోబరులో పోరాటం విరమించారు. కొద్ది నెలలకే జరిగిన ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లతో గెలిచాడు. సైన్యం దిగిన నాటికీ విరమణకీ మధ్య 37 నెలలు. పార్టీ చెప్పుకున్న లెక్కలో మొత్తం పోరాటంలో చనిపోయింది 4,000 మంది. అందులో ఈ నెలల వాటా తక్కువేమీ కాదు.

అరువు తెచ్చుకునేది ఒక్క పక్షమే అనుకోకండి. మలయాలో బ్రిటిష్‌వాళ్లు 1950లో బ్రిగ్స్ ప్రణాళిక పేరుతో పల్లెల్ని ఖాళీ చేయించి కంచెల మధ్య కూర్చోబెట్టారు. గోదావరి అడవుల్లో కోయ గూడేలకీ ఆ రోజుల్లోనే అలాంటి గతే పట్టింది. ప్రభుత్వాలూ పొరుగువాడి పద్ధతి చూసి నేర్చుకుంటాయి. ఆ పద్ధతి తయారుచేసే పగ ఇంకో తరానికి పనికొస్తుంది.

ఇక శ్రీకాకుళం. నా దృష్టిలో ఈ అంశానికి ఇంతకు మించిన పాఠం ఎక్కడా లేదు, అందుకని కాస్త నిదానంగా చూద్దాం.

1967 మే 25న బెంగాల్ నక్సల్బరీలో పోలీసు కాల్పుల్లో 11 మంది పోయారు, ఆడవాళ్లూ పిల్లలతో సహా. జూన్ 28న చైనా రాజధాని పెకింగ్ (ఇప్పటి బీజింగ్) రేడియో దాన్ని ఎత్తుకుంది. జూలై 5న చైనా పార్టీ పత్రిక పీపుల్స్ డైలీ, “భారతదేశం మీద వసంత మేఘ గర్జన” అని రాసింది. ఆ రోజుల్లో షార్ట్‌వేవ్ వినడం ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకి తెలియదు. ట్రాన్సిస్టరు ఏరియల్ పూర్తిగా లాగి, ముల్లుని వెంట్రుకవాసి కదుపుతూ ఉంటే, గరగరల మధ్య గొంతు వచ్చేది, తేలిపోయేది, మళ్లీ వచ్చేది. ఆ గొంతులో మన దేశంలోని ఒక చిన్న ఊరి పేరు వినిపిస్తే ఎలా ఉంటుంది? మన గొంతే కొండకి తగిలి రెట్టింపై తిరిగొచ్చినట్టుంటుంది. చిన్నదిగా ఉన్న ఒక రైతు ఘర్షణ, పెకింగ్ వెళ్లి తిరిగొచ్చేసరికి ప్రపంచ విప్లవంలో ఒక రంగమైపోయింది. నిజానికి ఆ జూలైలోనే పోలీసులు పెద్దఎత్తున దిగారు, కొద్ది వారాల్లో నక్సల్బరీ అణిగింది. రేడియోలో గర్జన సాగుతూనే ఉంది, నేల మీద వాన వెలిసింది.

బయటి సంఘటన చేసే పనుల్లో ఇది మొదటిది: కొలతని మార్చేస్తుంది. ఎదురుగా ఉన్నవాడు సాహుకారు కాదు, సామ్రాజ్యవాదం. మనం ముప్ఫై మందిమి కాదు, డెబ్భై కోట్ల చైనా వెనకున్నవాళ్లం.

అయినా అప్పటి శ్రీకాకుళం జిల్లా పార్వతీపురం ఏజెన్సీలో వెంటనే ఏమీ పేలలేదు. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం, ఇద్దరూ బడిపంతుళ్లు. గిరిజన సంఘం పెట్టి ఏళ్ల తరబడి పనిచేశారు. చింతపండుకి, అడవి సరుకుకి గిట్టుబాటు ధర, సాహుకారు తాకట్టులో పోయిన భూమి వెనక్కి, కంబారికి (పాలేరుకి) కూలి పెంపు, ఫారెస్టువాళ్ల మామూళ్ల బెడద తప్పడం. ఇవీ డిమాండ్లు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకి వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. కేసు నడిచింది. 1968లో నిందితుల్ని కోర్టు వదిలేసింది. ఆ నవంబరు 25న సాయుధ దాడులు మొదలయ్యాయి.

మళ్లీ కాగితం తీయండి. పెకింగ్ రేడియోకీ మొదటి దాడికీ మధ్య 17 నెలలు. రేడియోనే కారణమైతే అన్నాళ్లు ఆగడమెందుకు? కోర్టు తీర్పుకీ దాడికీ మధ్య మాత్రం అంత వ్యవధి లేదు. ఇంట్లో నిప్పు పెట్టింది ఆ తీర్పు. చైనా దారి అప్పటికే సిద్ధంగా ఉండడంతో, తీర్పు తర్వాత “ఇప్పుడేం చేయాలి” అన్న ప్రశ్నకి జవాబు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. అన్యాయం స్థానికం, జవాబు అరువు. వ్యవహారం చెడేది సరిగ్గా ఇక్కడే.

ఎలా చెడింది? 1969 మొదట్లో నక్సల్బరీ ఉద్యమ నాయకుడు చారు మజుందార్ ఆంధ్రకి వచ్చాడు, పల్నాడు గుత్తికొండ బిలం దగ్గర రహస్య సమావేశం. వర్గశత్రు నిర్మూలన అనే పంథా గట్టిపడింది. బహిరంగ సంఘాలు అక్కర్లేదన్నారు. పదేళ్లుగా గూడేల్ని కలిపి ఉంచిన గిరిజన సంఘం పక్కకుపోయింది. ఇది మంచిది కాదని తరిమెల నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు వాదించారు. ముందు భూమి సమస్య మీద జనాన్ని కూడగట్టాలన్నారు. వాళ్లని బయటికి పంపేశారు. ఇక భూగోళం సంగతి. చైనాలో మావో స్థావరమైన యెనాన్ కొండలు వేరు, పార్వతీపురం కొండలు వేరు. ఒక పక్క విజయనగరం, రాయపూర్ రైలు మార్గం పార్వతీపురం మీదుగానే పోతుంది. ఇంకో పక్క పలాస, ఆమదాలవలస మీదుగా హౌరా మెయిన్ లైను. కేంద్ర బలగాలు రైలు దిగి సాయంత్రానికి కొండ కింద ఉండగలవు. 1951లో స్టాలిన్ చెప్పిన రెండో ముక్కే ఇది, పద్ధెనిమిదేళ్లకే మరిచిపోయారు.

1969 డిసెంబరులో విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి, 1970 జూలై 10న సత్యం, కైలాసం చనిపోయారు. ఆ అక్టోబరు 29న నక్సలైటు పార్టీ నాయకుడు సౌరేన్ బోస్ పెకింగ్‌లో చైనా ప్రధాని చౌ ఎన్‌లైనీ, అక్కడి పార్టీ పెద్ద కాంగ్ షెంగ్‌నీ కలిశాడు. వాళ్లేమన్నారు? “చైనా చైర్మనే మా చైర్మన్” అనడం తప్పు, రహస్య హత్యల్ని గెరిల్లా యుద్ధం అనుకోవడం తప్పు, జనసంఘాల్ని వదిలేయడం తప్పు. నాగిరెడ్డి ముందే చెప్పిందీ దాదాపు అదే. ఎవరి పేరు చెప్పి ఇదంతా చేశారో వాళ్లే కాదన్న మాట మూడున్నర నెలలు ఆలస్యంగా పుట్టింది, జనానికి చేరడానికి ఇంకా ఆలస్యమైంది. కొల్లా వెంకయ్య, చౌదరి తేజేశ్వరరావు, నాగభూషణ్ పట్నాయక్‌లతో సహా ఆరుగురు నాయకులు విశాఖ జైలునుంచి దాన్ని బయటపెడుతూ లేఖ రాసింది 1972లో. ఈలోగా 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. చైనా పాకిస్తాన్ పక్షం పట్టింది. ఇక్కడ నక్సలైటు పార్టీ దాని మీదా చీలింది. పొరుగు దేశానికి తన విదేశాంగ విధానం ముఖ్యం, మన అడవిలో ఉన్నవాడి ప్రాణం కాదు. అరువు తెచ్చుకున్నవాడికి ఈ షరతు ఎవరూ చదివి వినిపించరు.

ప్రభుత్వం ఏం చేసిందన్నది కూడా చెప్పాలి. తుపాకులు ఎలాగూ పంపింది. దాంతోపాటు 1970 ఫిబ్రవరి 3న 1959 నాటి భూబదలాయింపు నిబంధనని సవరించింది. మనమంతా 1/70 చట్టం అంటామే, అది. ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి బదలాయింపు చెల్లదంది. అమలు ఎంత సరిగ్గా జరిగిందన్నది మరో ఉపన్యాసం. పెకింగ్ రేడియోని జామ్ చేయడంకన్నా ఈ ఒక్క సవరణ సరైన దిక్కుకి చూసిందని నా అభిప్రాయం.

ఇప్పుడు యాభై ఏళ్లు దూకుదాం. ఏం మారింది? గొంతు చేరే వేగం. పెకింగ్ రేడియోకి నెల పట్టింది. క్రైస్ట్‌చర్చ్ హంతకుడు తన కాల్పుల్ని 17 నిమిషాలు ఫేస్‌బుక్‌లో ప్రత్యక్షంగా చూపించాడు. అది నడుస్తుండగా చూసినవాళ్లు 200 మంది కూడా లేరు. మొదటి ఫిర్యాదు వచ్చేసరికి ప్రసారం ముగిసి 12 నిమిషాలైంది. తర్వాతి 24 గంటల్లో ఫేస్‌బుక్ తీసేసిన కాపీలు 15 లక్షలు. ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టండి: 200 మంది, 15 లక్షల కాపీలు. ప్రమాదం ప్రత్యక్ష ప్రసారంలో కన్నా దాన్ని మళ్లీ మళ్లీ ఎక్కించేవాళ్ల చేతుల్లో ఎక్కువుంది. తర్వాత అదే ఏడాది అమెరికాలో పోవే, ఎల్‌పాసో, జర్మనీలో హాలె, 2022లో బఫెలో. దేశాలు వేరు, బలైనవాళ్లు వేరు: యూదులు, మెక్సికన్ మూలాలవాళ్లు, నల్లజాతివాళ్లు. పద్ధతి ఒకటే, దాడికి ముందు పెట్టిన ప్రకటనల రాతలో కొన్ని వాక్యాలు సైతం అవే. ఒక సంస్థ లేదు, ఆజ్ఞ లేదు. నమూనా ఒక్కటే ప్రయాణం చేసింది. న్యూజిలాండ్ ఆ హంతకుడి రాతని నిషేధించి, దగ్గర పెట్టుకుంటే పదేళ్లు, పంచితే పద్నాలుగేళ్లు దాకా శిక్ష అంది. అప్పటి ప్రధాని ఆర్డర్న్ అతని పేరే పలకనన్నారు. విలేకరులకి ఇక్కడ పని ఉంది: పేరు, ఫోటో, ప్రకటన పాఠం, ఈ మూడూ లేకుండా వార్త రాయొచ్చు. రాయడం కష్టమేమీ కాదు, అలవాటు లేదంతే.

వేగం మారినా మారనిది ఒకటుంది: మధ్యవర్తి. ఎక్కడో జరిగినదాన్ని ఈ వీధి భాషలోకి దించే మనిషి లేకుండా పని జరగదు. దానికి బెల్జియంలోని రెండు ఊళ్లు చూడాలి.

బ్రస్సెల్స్ నుంచి ఆంట్వెర్ప్ వెళ్లే రైలు మార్గంలో విల్వోర్డె, మెషెలెన్ అనే పట్టణాలున్నాయి. మధ్య దూరం పదిహేను కిలోమీటర్లు ఉండదు. రెండింటిలోనూ మొరాకో మూలాల కుటుంబాలు ఎక్కువ, రెండింటిలోనూ పనిలేని కుర్రాళ్లున్నారు, టీవీలో కనిపించేది అదే సిరియా. విల్వోర్డె జనాభా నలభై వేల పైచిలుకు, అక్కడినుంచి సిరియా యుద్ధానికి పోయింది 28 మంది. మెషెలెన్ జనాభా దానికి రెట్టింపు. తెలిసినంతలో పోయినవాళ్లు సున్నా. అంతర్జాతీయ సంఘటనే కారణమైతే ఈ తేడా ఎక్కడిది?

విల్వోర్డెలో ‘షరియా ఫర్ బెల్జియం’ ముఠా మనుషులు పాదుకున్నారు. 2010లో పుట్టిన గుంపు అది. 2015లో ఆంట్వెర్ప్ కోర్టు ఉగ్రవాద సంస్థగా తేల్చి నాయకుడికి పన్నెండేళ్లు వేసింది. వాళ్ల పద్ధతి కొత్తదేమీ కాదు. ఫుట్‌బాల్ మైదానం దగ్గర, కబాబు కొట్టు దగ్గర పలకరింపు. ఉద్యోగానికి దరఖాస్తు పెడితే పేరు చూసి పక్కన పడేశారన్న నీ బాధ, అలెప్పోలో బాంబు కింద పిల్లాడి బాధ ఒకటే అని చెప్పడం. సిరియాకి ఒకడు పోతే, వాడి వెనక వాడి తమ్ముడు, వాడి క్లాసుమేటు, వాడి బావమరిది. పోయినవాళ్ల చిట్టా రాస్తే అది సిద్ధాంతాల చిట్టాలా ఉండదు, పెళ్లిపత్రిక పంచే చిట్టాలా ఉంటుంది. మెషెలెన్‌లో మేయరు బార్ట్ సోమర్స్ చేసిందాంట్లో మెచ్చుకోదగ్గదీ ఉంది, అదృష్టమూ ఉంది. ముందు వీధుల్లో నేరాల్ని గట్టిగా అదుపు చేశాడు, కెమెరాలు పెట్టాడు. విమర్శలొచ్చాయి. తర్వాత బడుల్లో అన్నిరకాల పిల్లలు కలిసేలా తల్లిదండ్రుల్ని ఒప్పించాడు. కొత్తగా వచ్చిన ప్రతి వలస కుటుంబానికీ పాత ఊరివాడొకణ్ణి కొన్ని నెలలు జతచేశాడు. అదృష్టం ఎక్కడంటే, అక్కడినుంచి మొదటి మనిషి సిరియాకి పోలేదు. మొదటివాడు పోని ఊళ్లో రెండోవాడికి దారి చెప్పేవాడుండడు. విల్వోర్డె కూడా తర్వాత బడి, పోలీసు, సంక్షేమశాఖ, కుటుంబం ఒకే బల్ల దగ్గర కూర్చునే ఏర్పాటు చేసుకుని, 2014 తర్వాత ఆ ప్రయాణాల్ని ఆపగలిగింది.

మరో సంగతి తొందరగా చెప్పేస్తాను. బయటి సంఘటనకి లోపల రేగేది బాధితుల పక్షం ఒక్కటే కాదు, ఎక్కువమంది ఉన్న వర్గంలో కూడా రేగుతుంది, పైగా గురి తప్పి. అమెరికాలో ముస్లింల మీద ద్వేషనేరాలు ఎఫ్‌బీఐ లెక్కలో 2000లో 28. 2001లో 481. సెప్టెంబరు 11 తర్వాత నాలుగో రోజు అరిజోనా మేసాలో పెట్రోలు బంకు దగ్గర చనిపోయింది ముస్లిం కాదు, ఒక సిక్కు. ఏడు దేశాలవాళ్ల రాకని ఆపుతూ 2017 జనవరి 27న వాషింగ్టన్ ఆదేశం వచ్చింది, అందులో ఇరాన్ ఒకటి. 26 రోజులకు కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో, పని ముగించుకుని బార్‌లో కూర్చున్న మన హైదరాబాదు ఇంజనీరుని ఒకడు “నా దేశం వదిలిపో” అంటూ కాల్చి చంపాడు. పక్కనున్న మరో తెలుగు యువకుడు గాయపడ్డాడు. హంతకుడు వేరే ఊరి బార్‌కి పోయి, ఇద్దరు ఇరానీల్ని కాల్చానని చెప్పుకున్నాడు. ఆదేశమే కాల్పించిందని నేననను, అది కాగితం మీద నిలబడని మాట. వాడి బుర్రలో ‘ఇరానీ’ అన్న శత్రువు అప్పటికి తయారై ఉన్నాడన్నది మాత్రం వాడి నోటి మాటే. 2023 అక్టోబరు 7న హమాస్ దాడి జరిగితే బ్రిటన్‌లో యూదుల మీద ద్వేష సంఘటనలు అదే రోజునుంచి పెరిగాయి. అంతకుముందు ఏడాది 1,662 ఉంటే, ఆ ఏడాది 4,100 దాటాయి.

ఇప్పుడు పని సంగతి. జిల్లాల్లో పనిచేయబోయేవాళ్లు కాస్త రాసుకోండి.

బయట పెద్ద సంఘటన జరిగిన మొదటి రెండు రోజులు, మీ పోలీసు స్టేషను పరిధిలో పాత తగాదాల ఫైళ్లు తీయండి. శ్మశానం గోడ గొడవ, ఊరేగింపు దారి గొడవ, మూడేళ్లుగా నలుగుతున్న భూమి కేసు, నిందితులు బయట తిరుగుతున్న హత్య కేసు. బయటి వార్త అంటుకునేది వీటికే. కొత్త అనుమానితుల చిట్టా తయారుచేయడం ఆ తర్వాతి పని. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఒక పేట మొత్తాన్ని చిట్టాలోకి ఎక్కించి, రాత్రిళ్లు తలుపులు కొట్టి, మధ్యవర్తికి కావలసిన సాక్ష్యం మనమే ఇస్తాం. “చూశారా, ఇక్కడా అంతే” అనడానికి అతనికి ఇంకేం కావాలి?

అధ్యాపకులకి. “తరగతిలో ఆ విషయం ఎత్తొద్దు” అని సర్క్యులర్ వస్తుంది. ఎత్తకపోతే కుర్రాడు ఫోన్లో ఎత్తుతాడు. ఒక పీరియడు ఇచ్చేయండి. చక్కర్లు కొడుతున్న ఫోటోల్లో రెండు మూడు తీసుకుని ఇమేజ్ సెర్చ్‌లో పెట్టి చూపండి. వాటిలో ఒకటైనా వేరే ఏడాదిదో వేరే దేశానిదో అయి ఉంటుంది. దానివల్ల కోపం పోదు, పోవాలని కూడా లేదు. దూరదేశంలో పిల్లలు చస్తుంటే కోపం రావడం జబ్బు కాదు. కోపాన్నీ తీవ్రవాదాన్నీ ఒకటిగా చూసే అధ్యాపకుడి దగ్గరికి రేపు ఆ కుర్రాడు సాయం కోసం రాడు.

కౌన్సెలింగ్ గురించి. సిరియా పిలుపు జోరుగా ఉన్న 2014లో హైదరాబాదు కుర్రాళ్లు కొందర్ని కలకత్తాలో ఆపి, ఇంటివాళ్లని పిలిచి, నచ్చజెప్పి పంపారు. అరెస్టు చేయకపోవడం మంచి నిర్ణయం. కానీ వాళ్లలో ఒకడు మరో ఇద్దరితో కలిసి 2015 డిసెంబరులో నాగపూర్ విమానాశ్రయంలో మళ్లీ దొరికాడు. నచ్చజెప్పడం తప్పని కాదు, ఒక్కసారి చెప్పి వదిలేయడం చాలదని దీని అర్థం. డెన్మార్క్‌లో ఆర్హుస్ అనే ఊరినుంచి 2013 వరకు 30 మంది దాకా సిరియా పోయారు, 2014లో ఒక్కడు. అక్కడ ఒక్కొక్కరికీ ఒక మెంటర్‌ని పెట్టి, నెలల తరబడి కలిపించారు. చదువు ఎక్కడ ఆగింది, అప్పు ఎంతుంది, ఇల్లుందా, తండ్రితో మాటలున్నాయా, ఇవీ వాళ్ల ప్రశ్నలు. మతం మీద వాదన చివరికి వచ్చేది, ఒక్కోసారి వచ్చేదే కాదు. మనవాళ్లు మత పెద్దని ఒకణ్ణి పిలిచి ఆయనకి అప్పజెప్పేస్తారు. ఆయన మాట ఆ కుర్రాడు ఎప్పుడో వినడం మానేశాడు. సమస్యలో సగం అదే.

ఇంటివాళ్లు గమనించేవి మామూలు విషయాలే ఉంటాయి: చెప్పకుండా పాస్‌పోర్టుకి పెట్టడం, ఉన్నట్టుండి బాకీలు తీర్చేయడం, బండో ఫోనో అమ్మేయడం, పాత స్నేహితులందరినీ ఒక్కసారి వదిలేయడం. విడివిడిగా వీటికి అర్థం లేదు, దుబాయి పోయేవాడూ ఇదే చేస్తాడు. మూడు నాలుగు కలిసి కనిపిస్తే అడగాలి. అడగడానికి పోలీసు నంబరు ఒక్కటే ఇస్తే ఏ తల్లీ ఫోన్ చేయదు.

ప్రశ్నలుంటే ఒకటి తీసుకుంటాను.

ఆ వెనక బల్లలోంచి అడుగుతున్నారు: “ఇవన్నీ ఎందుకండీ, వారం రోజులు ఇంటర్నెట్ ఆపేస్తే పోదా?”

మళ్లీ శ్రీలంకకే పోదాం. ఈస్టర్ దాడుల రోజే వాళ్లు ఫేస్‌బుక్, వాట్సాప్ ఆపేశారు. ఏప్రిల్ చివర్లో తెరిచారు. మే 12న చిలాపం ఊళ్లో ఒక ముస్లిం దుకాణదారు ఫేస్‌బుక్ కింద వచ్చీరాని ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాడు. “ఎక్కువ నవ్వొద్దు, ఒకరోజు ఏడుస్తావ్” అని. ఎవరితోనో నడుస్తున్న చిన్న కవ్వింపు అది. మూడు వారాల కింద అన్ని చావుల వార్త విన్న ఊరు దాన్ని ఇంకో దాడికి హెచ్చరికగా చదివింది. దుకాణం మీద రాళ్లు పడ్డాయి. కర్ఫ్యూ పెట్టారు, సోషల్ మీడియా మళ్లీ ఆపేశారు. మర్నాడు గొడవలు చుట్టుపక్కల ఊళ్లకి పాకాయి, మసీదులు, ఇళ్లు, దుకాణాలు తగలబడ్డాయి, ఒక మనిషి చనిపోయాడు. ఆ గుంపులు బస్సుల్లో, మోటారు సైకిళ్ల మీద వచ్చాయి. సోషల్ మీడియా ఆగి ఉండగానే వచ్చాయి.